కుడివైపు సీటు

బాతెల్, వాషింగ్టన్
5 జూన్ 2011, ఆదివారం

ఉషక్కకి,

ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. నిన్న మధ్యాహ్నం మీ నాన్నగారు నడుపుతున్న విమానం ఇంకో విమానాన్ని గుద్దబోయింది. ఆయన పక్క సీట్లో నేనున్నాను. ఆయన దాన్ని చూడలేదు. ఎదురుగా ఉన్నా చూడలేదు. వచ్చే నెల మొదటి శనివారం మళ్ళీ అక్కడికే వెళ్దామంటున్నారు. కూతురివి నువ్వు. నీకు చెప్పకుండా ఈ ఇంట్లో ఇంకో పూట అన్నం తినడం నావల్ల కాదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. రెండుసార్లు నీ నంబరు నొక్కి పెట్టేశాను. పెద్దవాళ్ళ గురించి ఇలాంటి మాట నోటితో చెప్పడం నాకు రాదు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో ఆపలేవు కూడా.

చికాగోలో చదువుకున్న రెండేళ్ళూ ప్రతి పండక్కీ నాకు అన్నం పెట్టావు. ఇక్కడ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చిందనగానే మీ అమ్మానాన్నల ఇంట్లో కింది గది ఇప్పించావు. అద్దె వద్దన్నారు. అంకుల్ అడిగింది ఒక్కటే, వాతావరణం బాగున్న శనివారాల్లో తన చిన్న విమానంలో తోడు రమ్మని. హమాలీ కూతురికి విమానంలో ముందు సీటు! ఆ రాత్రి వరంగల్‌కి ఫోన్ చేసి చెబితే మా బాపు నమ్మలేదు. "డ్రైవర్ పక్కనా?" అని మూడుసార్లు అడిగాడు.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడిక్కడే తిరిగాం. అర గంట, ముప్పావు గంట. అంకుల్ నాకు ప్రతిదీ పాఠంలా చెప్పేవారు. బయలుదేరే ముందు చూసుకోవాల్సినవన్నీ రాసి ఉన్న అట్ట నా చేతికిచ్చి, "గట్టిగా చదువమ్మా, అలవాటవుతుంది" అనేవారు. గాల్లోకి లేచాక, "ఏదీ, ఆ ముల్లు ఎంత మీద ఉందో చెప్పు చూద్దాం. నీకు పరీక్ష" అనేవారు. నేను చెప్పేదాన్ని. పరీక్షలంటే నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం. నిన్నటిదాకా నాకు తట్టని సంగతి ఏమిటంటే, నేను చెప్పిన జవాబు ఒప్పో తప్పో ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు.

నిన్న మొదటిసారి కాస్కేడ్ కొండలు దాటాం. అవతల క్వెయిల్ ఫ్లాట్ అని చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఉంది. పచ్చిక రన్‌వే. అక్కడి వాళ్ళు డెబ్బై ఎనభై ఏళ్ళ నాటి విమానాలు దాచుకుని, నెలకోసారి, మొదటి శనివారం, బయటికి తీసి ఎగరేస్తారు. దారంతా అంకుల్ వాటి గురించే చెప్పారు. "వాటిలో రేడియో ఉండదు భవితా. ఎవడు ఎక్కడున్నాడో చెప్పేవాడుండడు. అక్కడ కళ్ళే రేడియో." ఈ మాట ఆయనే అన్నారక్కా. నవ్వుతూ అన్నారు.

దిగడానికి కిందికి వస్తున్నాం. అప్పుడు ఎదురుగా, కాస్త కిందగా, పసుపుపచ్చ విమానం ఒకటి పైకి లేస్తూ కనిపించింది. రెండు జతల రెక్కలు, ఒకదాని మీద ఒకటి. చూసి నేనేం చేశానో తెలుసా? ఊరుకున్నాను. అంకుల్ ముఖం సూటిగా అటే ఉంది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న పెద్దాయన, చూసే ఉంటారు, మధ్యలో నేను చెబితే మర్యాదగా ఉండదు అనుకున్నాను. అది పెద్దదవుతోంది. మర్యాదగా ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుని, "అంకుల్, అక్కడ ఏదో విమానంలా ఉంది..." అన్నాను.

"ఎక్కడ?" అన్నారు. దాన్నే చూస్తూ.

"తిప్పు! కుడికి తిప్పు!" అని అరిచాను. ఆయన తిప్పారు. నా భుజం తలుపుకి కొట్టుకుంది. ఆ విమానం మా ఎడమ రెక్క కింద నుంచి వెళ్ళింది. నడిపే మనిషి తోలు టోపీ, దాని కింద నుంచి ఎగిరే తెల్ల జుట్టు కనిపించాయి. అంత దగ్గర.

దిగాక ఆ విమానం కూడా దిగింది. అందులోంచి డెబ్బై ఐదేళ్ళ ఆవిడ దిగి నేరుగా మా దగ్గరికి వచ్చింది. అరవలేదు. "మీ ఇద్దరిలో నన్ను చూసింది ఎవరు?" అని అడిగింది.

"నేనే. రెక్క వంచి దారి ఇచ్చాను కదా" అన్నారు అంకుల్.

ఆవిడ నా వైపు చూసింది. నేను గడ్డి వైపు చూశాను.

తర్వాత ఆవిడే నన్ను తీసుకెళ్ళి తన విమానం చూపించింది. రెక్కకి రేకు కాదు, గుడ్డ. బిగించి, రంగు పూసిన గుడ్డ. వేలితో తడితే కాచిన డప్పులా మోగింది. ఇంకో విమానంలో సీటు పేముతో అల్లింది. ఒకాయన ముందు నిలబడి చెక్క పంఖాని చేత్తో తిప్పి ఇంజిన్ లేపాడు. ఇంకో రోజైతే పిచ్చిదానిలా తిరిగి చూసేదాన్ని. నిన్న మాత్రం అంకుల్ ఎటు చూస్తున్నారో అదే గమనిస్తూ ఉన్నాను. పలహారాల దగ్గర బోర్డు మీద రాసింది చూసి అంకుల్ నాతో, "కళ్ళజోడు విమానంలో మర్చిపోయాను, ఏముందో చదివి పెట్టమ్మా" అన్నారు.

అక్కా, నాకు ఆ మాట తెలుసు. మా బాపుకి అక్షరం రాదు. ఆస్పత్రి చీటీ ముందు, బస్సు బోర్డు ముందు, రేషన్ దుకాణంలో, కొత్తవాళ్ళెవరైనా ఉంటే, "కండ్లజోడు ఇంట్ల మర్చిపోయిన, జర చదివి పెట్టు బిడ్డా" అనేవాడు. బాపుకి ఎప్పుడూ కళ్ళజోడు లేదు. ఒకసారి అడగడానికి సిగ్గుపడి ఖమ్మం బస్సనుకుని కరీంనగర్ బస్సెక్కి, చివరి దాకా కూర్చుని తిరిగొచ్చాడు. చదవలేకపోవడాన్ని దాచే మనిషి చేసే ప్రతి పనీ నాకు కంఠతా వచ్చు. నిన్న ఆ బోర్డు ముందు నిలబడితే, మే నెలంతా, ఏప్రిల్ నెలంతా ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. ఆయన కారు ఎందుకు నడపరో గుర్తుకొచ్చింది. "ట్రాఫిక్ బోర్ అమ్మా, నువ్వు నడుపు."

వేరే దారి లేక మళ్ళీ ఆయన పక్కనే కూర్చుని, దారంతా నేనే చూస్తూ, చెబుతూ కొండలు దాటి వచ్చాను. దిగి కారులో ఇంటికొచ్చే దారిలో, "ఉషకి చెప్పకు, దానికి అసలే కంగారు" అన్నారు. గుమ్మంలో ఆంటీ, "ఎలా ఉంది?" అని అడిగారు. "బాగుంది" అన్నాను.

బాగాలేదక్కా. ఏం చేయాలో నువ్వే చెప్పు.

నీ
భవిత


నేపర్‌విల్, ఇల్లినాయ్
14 జూన్ 2011

డియర్ భవీ,

మెయిల్‌బాక్స్‌లో తెలుగు చేతిరాత చూసి నీ పెళ్ళి సెటిలైందేమో అనుకున్నా! అమెరికా కుర్రాడేమో, ఫోన్‌లో చెప్పడానికి సిగ్గేమో అని ఊహించేసుకుంటూ ఓపెన్ చేశా. ముందే చెప్తున్నా, నేను ఈ దేశం వచ్చింది పదమూడేళ్ళప్పుడు. చివరిసారి తెలుగులో లెటర్ రాసింది మా అమ్మమ్మకి. తప్పులుంటే నవ్వుకో, కరెక్ట్ చేసి వెనక్కి పంపకు.

ఫస్ట్, నువ్వు సేఫ్. నాన్న సేఫ్. థాంక్ గాడ్. నువ్వు భయపడ్డావంటే నాకు అర్థమైంది, నేనూ చిన్న విమానంలో మొదటిసారి మబ్బు చూసి ఏడ్చా. కానీ భవీ, గాల్లో దూరాలు మనకి తెలియవు. దగ్గరగా కనిపించేది నిజంగా చాలా దూరంలో ఉంటుంది. నాన్న పదిహేను వందల గంటలు ఫ్లై చేశాడు. విమానాల కంపెనీలో ఇంజినీర్‌గా ముప్ఫై ఏళ్ళు పని చేశాడు. నువ్వు ఫ్లై చేసింది పది గంటలుంటుందా?

వయసు అరవై ఎనిమిది. కళ్ళు కాస్త మందగిస్తాయి, అందరికీ అంతే. అద్దాలు మార్పించమని నేను చెప్తాలే. నువ్వు పక్కనుంటే నాకు నిశ్చింత. చెక్‌లిస్ట్ మాత్రం స్లోగా చదువు, ముఖ్యంగా ఎర్ర రంగు పేజీ. అమ్మ స్పీడ్‌గా చదివేసి ఎన్ని తిట్లు తినేదో! ఆకాశంలో నీకేదైనా కనిపిస్తే డౌట్ పడకుండా చెప్పు, పది గంట వైపు, రెండు గంట వైపు అని, గడియారంలా. ఆయనకి ఈజీ.

ఈ విషయం ఫోన్‌లో వద్దు, నిజమే. అక్షయ్ వింటే ఊరుకోడు, మా ఆయన సంగతి తెలుసుగా, రూల్ అంటే రూల్. అమ్మకీ చెప్పకు, అసలే నడుం నొప్పి మనిషి. నీకు అక్టోబర్ ఫస్ట్ నుంచి హెచ్-వన్ వీసా మొదలవ్వాలి కదా. ఇలాంటి టైంలో కంప్లైంట్లు, పేపర్లు, ఇవన్నీ నీకెందుకు చెప్పు.

వంకాయ కూర ఎప్పుడైనా చేశావా, అమ్మ పద్ధతిలో? నాన్నకి చాలా ఇష్టం.

లవ్,
ఉష


బాతెల్
10 జూలై 2011, ఆదివారం

ఉషక్కకి,

నీ ఉత్తరం ఇరవై సార్లు చదివాను. నేను చదివేటప్పుడు మాటకి మాట చూసుకుంటాను. అదెందుకో కింద రాస్తాను.

చెక్‌లిస్ట్ స్లోగా చదవమన్నావు. నేను చదివే ఆ అట్టలో ఎర్ర రంగు పేజీ ఉందని నీకెలా తెలుసు? అది అంకుల్ పోయిన ఏడాది కొత్తగా చేయించుకున్న అట్ట, అక్షరాలు పెద్దవిగా. ఆంటీ చదివి తిట్లు తినేవారన్నావు. ముప్ఫై ఏళ్ళుగా ఎగిరే మనిషికి ఆంటీ ఎందుకు చదవాలి? "ఆయనకి ఈజీ" అని రాశావు. నేను నా ఉత్తరంలో ఏం జరిగిందో మాత్రమే రాశాను. ఏం చేస్తే ఆయనకి సులువో నువ్వు రాశావు.

నీకు తెలుసా అక్కా? తప్పుగా అడిగితే చెంప మీద కొట్టు. కానీ జవాబు చెప్పు.

జూలై రెండున నేను వెళ్ళలేదు. ల్యాబ్‌లో పని ఉందని అబద్ధం చెప్పాను. అంకుల్, "పర్లేదమ్మా, పని ముఖ్యం" అన్నారు. నేను ల్యాబ్‌కి వెళ్ళి, ఖాళీ గదిలో పదింటి దాకా కూర్చుని తిరిగొచ్చాను. ఆయన టోపీ ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చునే ఉన్నారు. బ్రహ్మాండమైన ఎండ. పైన ఏదో చిన్న విమానం పోతుంటే తల పక్కకి వాల్చి విన్నారు. ఒంటరిగా వెళ్ళలేరు కదా. వెళ్ళలేనని చెప్పలేరు కూడా. చెడ్డ మనిషైతే ఇంత కష్టం లేదు.

ఇంకోటి. పైలట్లకి వైద్య పరీక్ష చేసే డాక్టరు ఆఫీసు నుంచి ఏప్రిల్‌లో ఆయనకి ఒక కాగితం వచ్చింది. నేనే చదివి పెట్టాను. ఆయన మెడికల్ సర్టిఫికెట్ గడువు దాటిపోయింది. ఆయన మళ్ళీ పరీక్షకి వెళ్ళలేదు. కాగితం సొరుగులో ఉంది.

మాటకి మాట ఎందుకు చూస్తానో రాస్తానన్నాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా పెదనాయిన దగ్గర్నుంచి బాపుకి ఉత్తరం వచ్చింది. అన్నదమ్ములకి మాటల్లేవు. పెదనాయిన కూతురి పెళ్ళి. "నువ్వు రావద్దు, వస్తే మర్యాద దక్కదు" అని ఎవరిచేతో రాయించాడు. బాపు నా ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నాడు, ముఖం వెలిగిపోతూ. అన్న ఉత్తరం రాయించాడు మరి. నాకు నోరు రాలేదు. "తప్పకుండా రావాలె తమ్మీ" అని చదివాను. బాపు ఇస్త్రీ బట్టలేసుకుని పోయాడు. పందిట్లో, అందరి ముందు, బంతిలోంచి లేపేశారు. ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఏ ఉత్తరం వచ్చినా బడి పంతులు దగ్గరికి తీసుకుపోయేవాడు. ఇంట్లో చదువొచ్చిన బిడ్డ ఉండగా.

అప్పట్నుంచి నేను ఏది చదివినా ఉన్నది ఉన్నట్టే చదువుతాను.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

భవిత


నేపర్‌విల్
24 జూలై 2011

భవీ,

తెలుసు.

నాలుగు కాగితాలు చింపి రాస్తున్నా. రెండున్నరేళ్ళ క్రితం క్రిస్మస్‌కి ఇక్కడికి వచ్చినప్పుడు నాన్న టీ కప్పులో కాకుండా పక్కన పోశాడు. నవ్వేశాడు. నేను నవ్వలేదు, కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళా. రెండు కళ్ళలోనూ మధ్యభాగం పాడవుతోంది, అంచులు మిగులుతాయి, మధ్య పోతుంది, బాగుచేయలేం, ఇక డ్రైవింగ్ వద్దు అన్నాడు. ఫ్లయింగ్ మాట డాక్టర్‌కి తెలీదు. మేము చెప్పలేదు.

పార్కింగ్ లాట్‌లో కార్ స్టార్ట్ చేస్తుంటే నాన్న అడిగాడు: "అంచుల్లో కనిపిస్తుందిగా ఉషా. ఆకాశమంతా అంచులేగా?"

నేను నవ్వా భవీ. ఏం అనాలో తెలీక నవ్వా. ఆ నవ్వునే ఆయన పర్మిషన్‌గా తీసుకున్నాడు.

తర్వాత అమ్మ కూర్చునేది, కుడి సీట్లో. పోయిన అక్టోబర్‌లో నడుం నొప్పని ఆపేసింది. నాన్న మూడు వారాలు మంచం దిగలేదు. గడ్డం చేసుకోలేదు. నేను ఫోన్ చేస్తే, "ఏముంది, ఉన్నాను" అనేవాడు. అదే నెలలో స్టూడెంట్స్ బతుకమ్మ ఫంక్షన్‌లో స్టేజి మీద నువ్వు పేర్లు చదివావు. మైక్ పాడైపోయింది, గుర్తుందా? అయినా చివరి వరసలో ఉన్న నాకు ప్రతి అక్షరం వినిపించింది. ఎక్కడ జాబ్ వచ్చిందని నిన్ను అడిగితే, బాతెల్ అన్నావు. దేవుడే పంపాడనుకున్నా.

నీకు అన్నం పెట్టింది దానికోసం కాదు. అది నమ్ము. గది ఇప్పించింది మాత్రం దానికోసమే.

నువ్వుంటే సేఫ్ అనుకున్నా. నిజంగా అనుకున్నా. నువ్వు కూడా ఆ విమానంలోనే ఉంటావన్న సంగతి... ఉహూఁ, తెలీదని రాయబోయా. తెలుసు. దాని గురించి ఆలోచించకుండా ఉండడం నేర్చుకున్నా.

నీకు భయమైతే మానేయి, నేను ఫోర్స్ చేయను. దేదీప్య అని ఒకమ్మాయి మాస్టర్స్‌కి ఆగస్ట్‌లో వస్తోంది, వాళ్ళమ్మ నాకు తెలుసు. నాన్నతో మాట్లాడా. పై గదిలో ఉంటుంది. నువ్వు నీ గదిలోనే ఉండు, ఏమీ మారదు.

ఉష


బాతెల్
21 ఆగస్టు 2011, ఆదివారం

ఉషక్కకి,

నెల రోజులు జవాబు రాయలేదు. కోపంతో కాదు. నీ ఉత్తరంలో చివరి నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయాను. "దేదీప్య అని ఒకమ్మాయి." ఆ వాక్యంలో మొన్న నేను ఉన్నాను కదా. "భవిత అని ఒకమ్మాయి, గొంతు క్లియర్‌గా ఉంటుంది" అని నువ్వు అంకుల్‌తో ఫోన్‌లో చెప్పి ఉంటావు. ఎనిమిది నెలలుగా ఈ ఇంటిని దేవుడి గుడిలా చూసుకున్నాను.

ఆగస్టు మొదటి శనివారం కొండల మీద మబ్బు దిగి ఎవరూ ఎగరలేదు. వాతావరణమే నా పని చేసి పెట్టింది. గురువారం దేదీప్య వచ్చింది. ఇరవై రెండేళ్ళు. రెండు సూట్‌కేసులు, నిద్ర కళ్ళు, వచ్చీ రాగానే ఆంటీ కాళ్ళకి దండం పెట్టింది. నిన్న పొద్దున వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. భోజనాల బల్ల దగ్గర అంకుల్ ఆ అమ్మాయికి పత్రిక ఇచ్చారు.

"ఏదీ తల్లీ, ఒక పేజీ చదువు. నీ ఇంగ్లీషు చూద్దాం."

చదివింది. చక్కగా చదువుతుంది. ఆయన బల్ల మీద వేలితో తట్టి, "కొంచెం నెమ్మదిగా" అన్నారు. జనవరిలో నేను వచ్చిన కొత్తలో నాతో అన్నట్టే, అదే తట్టు, అదే మాట. "సెప్టెంబర్ మూడు శనివారం నీకు పాత విమానాలు చూపిస్తాను. ముందు సీట్లో కూర్చుంటావు" అన్నారు. ఆ అమ్మాయి ముఖం చూడాల్సింది. నా ముఖమే అది.

కత్తి పెట్టేసి వెళ్ళాను. "చదవకు దేదీప్యా" అన్నాను. చేతులు తడిగా ఉన్నాయి, పత్రిక లాక్కుంటే చిరిగింది.

"ఏమిటిది భవితా?" అన్నారు అంకుల్.

"అంకుల్, నా ముఖం మీకు కనిపిస్తుందా?"

"ఏం ప్రశ్న అది? ఎదురుగా ఉన్నావు."

"ఎదురుగా ఉన్నాను కాబట్టే అడుగుతున్నాను. ఆ రోజు ఆ పసుపు విమానం కూడా ఎదురుగానే ఉంది."

దేదీప్య ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆంటీ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నేను అక్కడ ఒక తప్పు ఒప్పుకున్నాను. నీకూ ఒప్పుకోవాలి. పోయిన ఉత్తరంలో, అన్నీ ఉన్నది ఉన్నట్టే చదువుతానని రాశాను. అబద్ధం. ఏప్రిల్‌లో ఆ డాక్టరు ఆఫీసు కాగితం అంకుల్‌కి చదివినప్పుడు, "వీలు చూసుకుని రెన్యూ చేయించుకోమంటున్నారు అంకుల్" అన్నాను. అందులో ఉన్నది అది కాదు. ఏదో కాగితాల గొడవలే అనుకుని, ఆయన బాధపడతారని మార్చాను. పదహారేళ్ళ తర్వాత మళ్ళీ పెళ్ళి ఉత్తరం చదివాను.

సొరుగులోంచి కాగితం తెచ్చి, నిలబడి, మొత్తం చదివాను. మీ సర్టిఫికెట్ చెల్లదు. కొత్తది లేకుండా మీరు విమానం నడపకూడదు. కిందటిసారి మీ చూపు పరీక్షలో వచ్చిన తేడాకి కళ్ళ డాక్టరు రిపోర్టు తెమ్మని అడిగాం, ఇంకా రాలేదు. తారీఖు, సంతకం, అన్నీ చదివాను.

"నాకు తెలియదా ఇదంతా? ఇంట్లో పెట్టుకున్నందుకు బాగా చెప్పావు" అన్నారు అంకుల్.

అప్పుడు ఆంటీ అన్నారు, "నా నడుముకి ఏ నొప్పీ లేదండీ."

ఎవరికీ అర్థం కాలేదు.

"ఏ నొప్పీ లేదు. మీ పక్కన కూర్చోలేక చెప్పాను. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రెండేళ్ళు చదివాను. ఇక చాలనిపించింది."

"మరి ఆ మాత్రలు?"

"మల్లె కుండీలో పాతాను."

"అందుకా చచ్చింది అది!" అన్నారు అంకుల్. దేదీప్యకి నవ్వొచ్చి నోరు మూసుకుంది. మాకెవరికీ నవ్వు రాలేదు. ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ, "నా భయానికి ఈ పిల్లని కూర్చోబెట్టాను. కింద గదిలో దాని చెప్పుల చప్పుడు వినపడితే గాని శనివారం నాకు ముద్ద దిగేది కాదు" అన్నారు. నన్ను ఆ సీట్లో ఎందుకు కూర్చోబెట్టారో ఆంటీకి కూడా తెలుసన్నమాట. ఈ ఇంట్లో తెలియనిది నాకొక్కదానికే.

అప్పుడు అంకుల్, "ఎంత దగ్గరగా వచ్చింది?" అని అడిగారు.

"ఆవిడ తెల్ల జుట్టు ఎగరడం కనిపించింది అంకుల్."

ఆయన చేతులు బల్ల మీద పెట్టుకున్నారు. "నాకు పసుపు రంగు కూడా కనిపించలేదు. నువ్వు కుడికి అన్నావు, తిప్పాను. పసుపని నువ్వు తర్వాత అంటే విన్నాను" అన్నారు. రెక్క వంచి దారిచ్చానని చెప్పిన మనిషి.

నేను ఒకటి చెప్పాను. ఎగరడం మానక్కర్లేదు, లైసెన్సున్న పైలట్ ఎవరైనా నడుపుతుంటే పక్కన కూర్చోవచ్చు, క్వెయిల్ ఫ్లాట్ ఆవిడ విమానంలో ముందు సీటు ఖాళీగానే ఉంటుంది, ఆవిడే నాతో చెప్పింది, ఎవరినైనా ఎక్కించుకుంటానని.

"ప్యాసింజర్‌గానా?" అన్నారు, ఆ మాటేదో తిట్టయినట్టు.

"నేను ముప్ఫై ఏళ్ళుగా ప్యాసింజర్‌నే. చచ్చానా?" అన్నారు ఆంటీ.

ఆయన లేచి, గోడ అంచు పట్టుకుని, కిటికీ దాకా వెళ్ళారు. అక్కడ నిలబడి చెప్పిన మాట రాస్తున్నాను, మార్చకుండా. "ఉషకి రెండేళ్ళుగా తెలుసు. అది వద్దనలేదు. అది వద్దంటే మానేస్తాను. నీ మాట మీద మానను. నువ్వెవరమ్మా మాకు?"

న్యాయమే. నేనెవరిని? నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ అదే అడుక్కుంటున్నాను. కుడివైపు సీటు తప్ప నాకు ఈ ఇంట్లో వేరే పేరుందా అని.

దేదీప్య ఆ విమానం ఎక్కదు. అది ఆ అమ్మాయే చెప్పింది, గట్టిగా. ఒకటో తారీఖు నుంచి మేమిద్దరం కిర్క్‌లాండ్‌లో గది తీసుకున్నాం. కానీ ఆయన ఇంకెవరినో వెతుక్కుంటారు. మన పిల్లలు ఎంతమంది రారు ప్రతి ఆగస్టులో, పెద్దవాళ్ళు చదవమంటే చదివే వాళ్ళు, ఎదురుగా విమానం వస్తున్నా మర్యాదకి మాటలు వెతుక్కునే వాళ్ళు?

అందుకని నువ్వు రాయాలి. ఫోన్ వద్దు. ఫోన్‌లో ఆయన నవ్విస్తారు, నువ్వు నవ్వుతావు. తెలుగులో, నీ చేత్తో రాయి. తప్పులున్నా పర్వాలేదు. పెద్ద అక్షరాలు అక్కర్లేదు. ఎంత పెద్దగా రాసినా ఆయన చదవలేరు. నేను వచ్చి చదువుతాను. ఈ ఇంట్లో నేను చదివి పెట్టే ఆఖరు కాగితం అదే. వద్దని రాస్తే వద్దనే చదువుతాను. ఎగరమని రాస్తే అదీ చదువుతాను, ఆయన ముందు, మీ అమ్మ ముందు, దేదీప్య ముందు. ఒక్క మాట మార్చను.

శనివారం మూడో తారీఖు. నీ జవాబు సెప్టెంబరు ఒకటి, గురువారం లోపు నాకు చేరాలి. చేరకపోతే శుక్రవారం పొద్దున ఎయిర్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్ళి, ఫిర్యాదు కింద నా పేరు రాసి, సంతకం పెట్టి వస్తాను. అక్టోబరు ఒకటి గుర్తుంది నాకు. అయినా వెళ్తాను.

గురువారం సాయంత్రం దాకా చూస్తాను అక్కా.

భవిత